113 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

"ఫొటోలు, పెళ్లి వీడియోలు దాచుకోడానికి ఇంట్లో చిన్న స్టోరేజ్ సర్వర్ పెట్టుకున్నాం. ఈమధ్య హార్డ్ డిస్కులు తీసేసి ఎస్ఎస్‌డీలు వేశాను. అయినా కాపీ స్పీడ్ సెకనుకు 113 మెగాబైట్లు దాటడం లేదు. డ్రైవులు డూప్లికేట్‌వంటారా?" అని ఒక పాఠకుడు అడిగారు.

డ్రైవుల తప్పేం లేదు. 113 అన్న అంకె వినగానే అడ్డం ఎక్కడుందో చెప్పేయొచ్చు.

ఇంట్లో కంప్యూటర్లని వైరుతో కలిపే గిగాబిట్ ఈథర్నెట్ అంటే సెకనుకు 100 కోట్ల బిట్లు, బైట్లలో చెబితే 125 మెగాబైట్లు. అదంతా మన ఫైలుకే దక్కదు. ఒక్కో ప్యాకెట్‌లో 1500 బైట్లు పడితే అందులో 40 టీసీపీ, ఐపీ హెడర్లకు, అంటే ఎవరికి చేరాలి, ఎన్నో ముక్క అని రాసుకునే చీటీలకు పోతాయి. ప్యాకెట్ చుట్టూ ఈథర్నెట్ ఖర్చు ఇంకో 38 బైట్లు: మొదట వచ్చే హెచ్చరిక సంకేతానికి 8, హెడర్‌కి 14, తప్పులు పట్టే లెక్కకి 4, తర్వాతి ప్యాకెట్ ముందు వదిలే ఖాళీకి 12. అంటే తీగమీద 1538 బైట్ల చోటు తీసుకుని మన ఫైలుని 1460 బైట్లు మోస్తుందన్నమాట. 125ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 118.7. విండోస్ ఒక మెగాబైట్‌కి 10,48,576 బైట్లు లెక్కేస్తుంది కాబట్టి తెరమీద అదే 113గా కనిపిస్తుంది. వైరు నిండిపోయింది, అంతే. ఇప్పటి పెద్ద హార్డ్ డిస్కు ఒక్కటే 200కి పైన ఇవ్వగలదు, సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది. కాబట్టి పెద్ద వీడియో కాపీ చేసేటప్పుడు మార్చాల్సింది డ్రైవుని కాదు, నెట్‌వర్క్‌ని.

అలాగని గోడలు పగలగొట్టి కొత్త వైరు లాగక్కర్లేదు. గోడలో ఇప్పటికే ఉన్న క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ వైరు మీదే 2.5 గిగాబిట్ నడుస్తుంది. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం దాని కోసమే. రెండు చివర్లా పోర్టులూ, మధ్యలో ఈ వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్చీ మారిస్తే చాలు. పాత రాగి తీగ అంత వేగాన్ని ఎలా మోస్తుందన్నదే నాకు ఎంత చెప్పుకున్నా తనివి తీరని విషయం.

ఈథర్నెట్ వైరులో నాలుగు జతల తీగలుంటాయి. రెండు జతలు పంపడానికి, రెండు అందుకోవడానికి అని చాలామంది అనుకుంటారు. గిగాబిట్‌లో అలా ఉండదు. నాలుగు జతలూ ఒకేసారి రెండు వైపులకీ పనిచేస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ ఆపకుండా మాట్లాడుతూ, అవతలివాళ్లు చెప్పేది పొల్లుపోకుండా వింటున్నారనుకోండి. మన గొంతు మన చెవికి దగ్గర కాబట్టి అవతలి గొంతుకన్నా గట్టిగా వినిపిస్తుంది. కానీ మనమేం మాట్లాడామో మనకి తెలుసు. విన్నదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది అవతలివాళ్ల మాట. పోర్టు వెనకున్న చిప్ చేసే పని ఇదే.

తీసేయాల్సింది అప్పుడే పంపిన సంకేతం ఒక్కటే అయితే పని సులువే. గిగాబిట్‌లో ఒక్కో జతమీద సెకనుకు 12.5 కోట్ల సంకేతాలు వెళ్తాయి, ఒక్కోటి 8 నానోసెకన్లు. రాగి వైరులో సంకేతం మీటరు దూరం పోవడానికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో సంకేతం వైరుమీద మీటరున్నర పైచిలుకు పొడవు పరుచుకుని ఉంటుంది. హాల్లో స్విచ్ నుంచి బెడ్‌రూమ్ దాకా 30 మీటర్ల వైరుంటే అందులో ఒక్కో దిశలో 18, 19 సంకేతాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. అవతలి కనెక్టర్ దగ్గర కొంత శక్తి తట్టుకుని వెనక్కి తిరుగుతుంది. రానూ పోనూ 60 మీటర్లు, 300 నానోసెకన్లు. ఈలోగా చిప్ ఇంకో 37 సంకేతాలు పంపేసి ఉంటుంది. ఆ పాత ప్రతిధ్వనిని గుర్తుపెట్టుకుని, ఎంత బలహీనపడి ఉంటుందో అంచనా వేసి, అదీ తీసేయాలి. పక్కనున్న మూడు జతల్లోంచి కారే సంకేతాన్నీ తీసేయాలి. నాలుగు జతల్లోనూ, ప్రతి 8 నానోసెకన్లకీ, ఏళ్ల తరబడి ఇదే పని! గిగాబిట్ ప్రమాణం వచ్చింది 1999లో. అప్పటి చిప్‌లతోనే ఇది సాధించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక 2.5 గిగాబిట్ సంగతి. గిగాబిట్‌లో సంకేతానికి ఐదు వోల్టేజ్ మెట్లు ఉంటే ఇందులో పదహారు. సంకేతాల వేగం మాత్రం 12.5 కోట్ల నుంచి 20 కోట్లకే పెరిగింది. 20 కోట్ల సంకేతాలకి కావాల్సింది 100 మెగాహెర్ట్జ్, క్యాట్ 5ఈ వైరుకి హామీ ఇచ్చేదీ సరిగ్గా అంతే. మెట్లు దగ్గరపడితే తప్పులు పెరుగుతాయి, వాటిని దిద్దే గణితం చిప్‌లో ఉంటుంది. కాపీ స్పీడ్ 280 ప్రాంతానికి వస్తుంది.

వైర్ల మీద మనవాళ్లకి నమ్మకాలు ఎక్కువ. ఇంటికి ఇంకా పై రకమైన క్యాట్ 8 వైరు కొంటే స్పీడ్ పెరుగుతుందనీ, బంగారుపూత కనెక్టర్‌తో వీడియో బాగా వస్తుందనీ అంటారు. పోర్టు గిగాబిట్‌ది అయితే ఏ వైరేసినా 113 దగ్గరే ఆగుతుంది. చూసుకోవాల్సింది ఇంకోటుంది: లోపల అసలు రాగేనా, రాగిపూత వేసిన అల్యూమినియమా అని.

వైరు చివర కనెక్టర్ బిగించడానికి కాలేజీ ల్యాబుల్లో తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం అని రంగుల వరస బట్టీ పట్టిస్తారు. ఆకుపచ్చ జతని విడదీసి మూడో పిన్నులో ఒకటి, ఆరో పిన్నులో ఒకటి ఎందుకు పెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆ రెండు పిన్నులూ కలిసి ఒక జత. ఒకదానికొకటి పెనవేసుకున్న తీగలే ఆ రెండిట్లో ఉండాలి, అప్పుడే బయటి రొద రెండిటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. చూడ్డానికి బాగుందని రంగు పక్కన రంగు పెట్టుకుంటూ పోతే టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, లింక్ మాత్రం నిలవదు. లైట్లు చూసి వైరు బాగుందనుకుని స్విచ్ మార్చేస్తారు. కాపీ స్పీడ్ 11 దగ్గర ఆగితే ఇంకో సంగతి: ఏదో తీగ తెగింది, లేదా ఎవరో నాలుగు తీగలే బిగించారు. 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు కాబట్టి లింక్ దానికి పడిపోతుంది.

మరి ఎస్ఎస్‌డీ డబ్బులు దండగేనా? కాదు. వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిచి చూడండి. నిమిషానికి 7200 చుట్ల హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావాల్సిన చోటు, డిస్కుని చదివే తల కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు, తల అక్కడికి జరగడానికి 8. అంటే చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు సెకనుకు 80 చదవడమే గగనం. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ లేదు, ఒక్కో ముక్కకి మిల్లీసెకన్‌లో పదో వంతు చాలు. ఇక్కడ గిగాబిట్ అయినా పది గిగాబిట్ అయినా పెద్ద తేడా ఉండదు.

పది గిగాబిట్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. అదే రాగి వైరుమీద నడిపితే సంకేతాల వేగం 80 కోట్లు, ఒక్కోటి వైరుమీద పాతిక సెంటీమీటర్లు. పైన చెప్పిన తీసివేతలన్నీ ఆ వేగంతో చెయ్యాలి కాబట్టి పోర్టు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. సర్వరూ స్విచ్చీ పక్కపక్కనే ఉంటే ఎస్ఎఫ్‌పీ ప్లస్ అనే వేరే రకం పోర్టులు, వాటిలో నేరుగా దూర్చే రెండు మూడు మీటర్ల డీఏసీ కేబుల్ తీసుకోండి. అందులో పోవడానికి ఒక జత, రావడానికి ఒక జత విడిగా ఉంటాయి, మెట్లు రెండే. ఎవరి గొంతూ తీసేయాల్సిన పని లేదు కాబట్టి కరెంటూ తక్కువ తింటుంది, వేడీ తక్కువే.