పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

"రాము సంక్రాంతికి 48 అరిసెలు కొని నలుగురు స్నేహితులకు సమానంగా పంచాడు. ఒక్కొక్కరికి ఎన్ని?" పండగ పేరుతో పిల్లలకిచ్చే లెక్కలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అరిసెలు తీసేసి పెన్సిళ్ళు పెట్టినా లెక్క మారదు. రాము తనకి ఒక్కటైనా ఉంచుకోలేదేమని పిల్లలూ అడగరు. అంకెలు రెండు, గుర్తు భాగహారం, పని అయిపోయింది.

ఈ అలవాటు ఎంత దూరం పోతుందో 1980ల మొదట్లో అమెరికాలో బయటపడింది. ఒక జాతీయ పరీక్షలో పదమూడేళ్ళ పిల్లల్ని అడిగారు: సైనికులు 1,128 మంది, బస్సుకి 36 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం నూటికి 70 మంది సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులు అని రాసింది 23 మందే. 29 మంది అయితే "31, శేషం 12" అని రాసి ఊరుకున్నారు. భోగి ముందురోజు హైదరాబాద్ బస్టాండ్‌లో నిలబడినవాళ్ళకి ఆ శేషం ఎవరో బాగా తెలుసు. మాట వరసకి చెప్తున్నాను గానీ, మన దగ్గరైతే ఆ పన్నెండు మందీ నిలబడి వెళ్ళిపోతారు, 31 కూడా సరైన జవాబే!

దీనికి అటువైపు ఉన్న సంగతి బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో కనిపించింది. అక్కడ బజారులో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద పరిశోధకులు చేసిన అధ్యయనం 1985లో అచ్చయింది. కొబ్బరికాయ 35 చొప్పున పది కాయలెంత అని అడిగితే, పన్నెండేళ్ళ పిల్లాడు మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి అనుకుంటూ 315 దాటి 350కి చేరాడు. పక్కన సున్నా పెడితే పోయేదానికి ఇంత తిరుగుడా అనిపిస్తుంది. కానీ బేరం దగ్గర ఆ పిల్లల జవాబులు నూటికి 98 దాకా ఒప్పు. అవే లెక్కలు కథ తీసేసి వట్టి అంకెలుగా కాగితం మీద ఇస్తే 37కి పడిపోయాయి.

మొన్న మా అమ్మాయి ముగ్గుల పుస్తకంలో "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క" అన్నది చూసి, మొత్తం ఎన్ని చుక్కలు పెట్టాలి అని అడిగింది. ముగ్గు డబ్బాలో పిండి తక్కువుంది మరి. నడిమి వరుసలో 15. దానికి పైనా కిందా 14, ఆపైన 13, అలా 8 వచ్చేదాకా. అంటే ఒక్కో వైపు ఏడు వరుసలు. తను వేళ్ళు ముడుస్తూ కూడుతోంది. మొదటిదీ చివరిదీ జతచెయ్యమన్నాను: 14, 8 కలిపితే 22. 13, 9 కలిపినా 22. 12, 10 కలిపినా అంతే. నడుమ 11 ఒంటరిగా మిగిలింది. మొత్తం 77. రెండు వైపులా 154, నడిమి వరుసతో 169.

"అది పదమూడు పదమూళ్ళు కదా!" అంది. నేనూ అప్పుడే చూశాను. సందు చుక్కతో ఆరు మూలల ఆకారంలో పరిచిన ఆ చుక్కలన్నీ ఏరి, 13 వరుసల్లో 13 చొప్పున పెడితే ఒక్కటీ మిగలకుండా చదరంగా సర్దుకుంటాయి. అన్ని ముగ్గులకీ ఇలా కుదరదు. 9 చుక్కలు, 5 వరకు పెడితే 61, చదరం కాదు. 13 చుక్కలు, 7 వరకు పెడితే 127, అదీ కాదు.

మళ్ళీ ఎప్పుడు కుదురుతుందని ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. 209 చుక్కలు, 105 వరకు పెట్టాలి. మొత్తం 32,761, అంటే 181 వరుసల్లో 181 చొప్పున. చుక్కకీ చుక్కకీ రెండంగుళాలు వదిలినా నడిమి వరుసే దాదాపు 35 అడుగులు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు కార్లు తీయించాలని మా అమ్మాయి అంటోంది.