ఎంత తోమినా పోని మట్టి

బెంగళూరు

చిన్నీ, బాబూ,

మొన్న మీరిద్దరూ ఒక ఉర్లగడ్డను కుళాయి కింద పెట్టి పావుగంట తోమారు. (మీ పుస్తకాల్లో బంగాళాదుంప అని ఉంటుంది, మా కోలారు వైపు తెలుగువాళ్లకు అది ఉర్లగడ్డే.) నల్లటి మట్టి పెళ్లలు ఎంతకీ ఊడడం లేదని విసుక్కున్నారు. మట్టి అయితే కదా ఊడడానికి! రైజోక్టోనియా అనే శిలీంధ్రం తన పోగులను గట్టిగా ముద్దకట్టి, తొక్కకు అతుక్కుని నిద్రపోతోంది. తొక్క తీసి వండుకుంటే మనకేమీ కాదు. అదే దుంపను విత్తనంగా నాటితే మాత్రం నిద్ర లేచి, లేత మొలకలను నేల దాటకుండానే కుళ్లబెడుతుంది.

ఎండుకుళ్లు తెగులు తెచ్చే ఫ్యుజేరియం అనే మరో శిలీంధ్రానికి ఆరోగ్యంగా ఉన్న తొక్కను చీల్చే బలం లేదు. గాయం కోసం కాచుకుని ఉంటుంది. తవ్వేటప్పుడు పార తగిలినా, బస్తాను లారీ మీద నుంచి ధబీమని పడేసినా దానికి తలుపు తెరిచినట్లే. తొక్క వలయాలుగా ముడుతలు పడుతుంది, లోపల డొల్లవుతుంది, కోస్తే తెల్లటి బూజో గులాబీ బూజో కనిపిస్తుంది. తవ్విన దుంపలను రెండు వారాలు నీడలో, గాలి తగిలేలా ఉంచితే గాయాల మీద వాటంతట అవే కొత్త తొక్క కట్టుకుంటాయి. ఒక ఏడాది నేను ఆగలేక అదే రోజు బస్తాలకెత్తించాను. మూడో వంతు పారబోయవలసి వచ్చింది. మీ నానమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

వీటన్నిటికీ పెద్దన్న ఆకుమాడు తెగులు (ఇంగ్లీషులో లేట్ బ్లైట్). 1845లో ఇది ఐర్లాండ్ పొలాలను పట్టింది. తర్వాతి కొన్నేళ్లలో ఆకలికి, రోగాలకు సుమారు 10 లక్షల మంది చనిపోయారు. వానాకాలంలో ముసురు పట్టిందంటే మన కర్ణాటకలోని హాసన్ ఉర్లగడ్డ రైతులకు నిద్ర పట్టనిది దీనివల్లే. ఆకుల మీద పుట్టిన తెగులు బీజాలు వాన నీటితో మట్టిలోకి దిగి దుంపను చేరతాయి. అందుకే మొక్క మొదట్లోకి మట్టి ఎగదోస్తారు, దుంపలు తవ్వే ముందు పైమొక్కను కోసేస్తారు. తమాషా ఏమిటంటే, చూడడానికి బూజులా ఉన్నా ఇది అసలు శిలీంధ్రమే కాదు. వంశం ప్రకారం గోధుమరంగు సముద్రపు నాచుకు దగ్గరి చుట్టం. శిలీంధ్రాలను చంపే మందుల్లో కొన్ని దీని మీద పారకపోవడానికి అదే కారణం.

మెట్ల కింద బుట్టలో నుంచి రెండు రోజులుగా వాసన వస్తోంది. ఏదో దుంప మెత్తబడి నీరు కారుతున్నట్లుంది. అంత కంపు బూజుది కాదు, దాని వెనకే దూరిన బాక్టీరియాది. నానమ్మ పారేయమంటున్నా ఉంచాను. ఆదివారం వస్తే కోసి చూద్దాం. ముక్కుకు గుడ్డ తెచ్చుకోండి.

మీ తాతయ్య