డిఫ్ లాకర్లు, యాక్సిల్ మార్పులు: అపోహలు - వాస్తవాలు

ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల యాక్సిళ్లు విప్పి బిగించడం నా పని. వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, "లాకర్ వేసేయండి, చాలు." డిఫరెన్షియల్ అంటే మలుపుల్లో ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరిగేలా చేసే గేర్ల అమరిక, లాకర్ అంటే ఆ రెండూ ఒకే వేగంతో తిరిగేలా దాన్ని బిగించేది. వెయ్యడం పెద్ద విషయం కాదండీ. వేశాక ఆ బలమంతా ఎటు పోతుంది, దారిలో ముందుగా ఏది విరుగుతుంది అన్నదే అసలు లెక్క. ఆ లెక్క చూడకుండా చెప్పుకునే మాటల్లో నాకు తరచూ వినిపించేవి ఇవి.

అపోహ: మామూలు (ఓపెన్) డిఫరెన్షియల్ టార్క్ (తిప్పే బలం) అంతా జారే చక్రానికే పంపేస్తుంది.

పవర్ అంటే ఒప్పుకుంటాను, టార్క్ అంటే ఒప్పుకోను. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ దాదాపు సమానంగానే టార్క్ ఇస్తుంది, ఇబ్బంది అక్కడే ఉంది. బురదలో జారే చక్రం తిరగడానికి 100 న్యూటన్ మీటర్లు చాలనుకోండి, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ ఆ 100 మాత్రమే అందుతాయి, వాటితో బండి కదలదు. అందుకే జారే చక్రానికి కొంచెం బ్రేక్ పడితే రెండోదానికి బలం పెరుగుతుంది. బ్రేకులతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ ఇదే. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు గానీ, కొత్త బళ్లలో అది బాగానే పనిచేస్తోంది. కాకపోతే మొదట ఒక చక్రం జారాలి, ఆ తర్వాతే అది మేల్కొంటుంది. లాకర్ ఉంటే జారడం దాకా వెళ్లకుండానే నెమ్మదిగా ఎక్కేయొచ్చు.

అపోహ: నా బండిలో డిఫ్ లాక్ బటన్ ఉంది, ఇంక లాకర్ ఎందుకు?

ముందు ఆ బటన్ దేన్ని లాక్ చేస్తుందో చూసుకోండి. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే బళ్లలో అది చాలాసార్లు సెంటర్ డిఫరెన్షియల్‌ది, అంటే ముందు యాక్సిల్‌నీ వెనక యాక్సిల్‌నీ కలుపుతుందంతే. ఒక్కో యాక్సిల్ లోపల డిఫరెన్షియల్ ఓపెన్‌గానే ఉంటుంది కాబట్టి ముందు ఒక చక్రం, వెనక దానికి మూలగా ఉన్న చక్రం గాల్లోకి లేస్తే బండి అక్కడే ఆగిపోతుంది. అవసరమైనప్పుడే నాలుగు చక్రాలూ తిప్పే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో లివర్ వేసినప్పుడు జరిగేదీ ఇంతే.

అపోహ: లాకర్ వల్ల యాక్సిల్ మీద అదనపు భారం పడదు, బలం సగం సగమే కదా.

అన్నిటికన్నా ఎక్కువ షాఫ్టులు (చక్రాన్ని తిప్పే కడ్డీలు) విరగ్గొట్టిన నమ్మకం ఇదే. లాకర్ సమానంగా ఉంచేది వేగాన్ని, టార్క్‌ని కాదు. పట్టు ఎక్కడుంటే టార్క్ అక్కడికి పోతుంది, ఒక చక్రం గాల్లో ఉంటే ఆ యాక్సిల్‌కి వచ్చిందంతా రెండో షాఫ్ట్ ఒక్కటే మోయాలి.

లెక్క వేసి చూద్దాం. ఇంజిన్ 250 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్ 4, లో రేంజ్ (బలం పెంచే అదనపు గేర్) 2.5, యాక్సిల్‌లోని గేర్ రేషియో 4.1 అనుకుంటే, నష్టాలు పక్కన పెడితే గుణకారం 10,250 దాకా వస్తుంది. అదంతా షాఫ్ట్‌లోకి రాదు, ఎందుకంటే అంతకన్నా ముందే టైరు జారిపోతుంది. యాక్సిల్ మీద 1000 కిలోల బరువు, నేలతో ఘర్షణ గుణకం 0.8, టైరు వ్యాసార్ధం 0.4 మీటర్లు అనుకోండి. లాకర్ వేసి, బరువంతా ఒకే చక్రం మీదుంటే ఆ షాఫ్ట్ మీద సుమారు 3,100 న్యూటన్ మీటర్లు పడతాయి. రెండు చక్రాలూ సమానంగా నేల మీదుంటే ఒక్కోదానికి అందులో సగమే. ఇప్పుడు టైరు పెద్దది వేసి వ్యాసార్ధం 0.45 చేయండి, 3,100 కాస్తా 3,500 అవుతుంది. టైరు పెంచడం, లాకర్ వెయ్యడం రెండూ ఒకేసారి చేసి, షాఫ్టులు మాత్రం కంపెనీవే ఉంచేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ అందుకే. ఇక చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంటే టైరు జారే అవకాశమే ఉండదు, గాల్లో వేగంగా తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను పట్టుకుంటే ఆ కుదుపు వేరే. ఈ రెండు సందర్భాల్లో పైన వేసిన లెక్క చెల్లదు, అంతకు మించే పడుతుంది.

అపోహ: క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు వేస్తే ఇంక ఏదీ విరగదు.

షాఫ్ట్ విరగదేమో, దాని తర్వాతది విరుగుతుంది. ఒకే లోహమైతే గుండ్రటి షాఫ్ట్ మెలిక తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 30 స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే గాడుల) షాఫ్ట్ 1.31 అంగుళాలు, 35 స్ప్లైన్లది 1.5 అంగుళాలు, కంటికి కనిపించే తేడా 15 శాతం కూడా లేదు, బలంలో మాత్రం దాదాపు 50 శాతం. అంత గట్టిది వేశాక భారం పోయి క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద, చిన్న గేర్ల జత) మీదో, హబ్ మీదో, ముందు యాక్సిల్ అయితే జాయింట్ క్రాస్ మీదో పడుతుంది. షాఫ్ట్ మార్చడానికి పట్టే సమయం వేరు, క్రౌన్ పళ్లు ఊడితే పట్టే సమయం వేరు. అందుకే కొందరు షాఫ్ట్‌నే కావాలని బలహీనంగా ఉంచి, స్పేర్ వెంట పెట్టుకుంటారు. అది పిచ్చి ఆలోచనేమీ కాదు.

ముందు యాక్సిల్ గురించి ఇంకో మాట. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జాయింట్ బాగా వంగి, దాని బలం తగ్గిపోతుంది. లాకర్ ఆన్‌లో ఉంచి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, యాక్సిలరేటర్ తొక్కితే... "ఠప్" అని వినిపించేది అప్పుడే. ముందు లాకర్ వేస్తే స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, కాబట్టి అక్కడ అవసరమైనప్పుడు మాత్రమే ఆన్ చేసుకునే రకమే పెట్టించుకోండి.

అపోహ: యాక్సిల్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

డానా 44, డానా 60 అని రెండు యాక్సిల్ మోడళ్లున్నాయి. డానా 44లో క్రౌన్ వీల్ వ్యాసం సుమారు 8.5 అంగుళాలు, డానా 60లో 9.75. ఆ గేరు పట్టే పెద్ద గుండు యాక్సిల్ మధ్యలో కిందికి వేలాడుతుంది. టైరు పెంచి సంపాదించిన క్లియరెన్స్‌లో కొంత అక్కడే పోతుంది, పైగా స్ప్రింగుల కింద బరువు పెరిగి బండి మొరటుగా నడుస్తుంది. 33 అంగుళాల టైర్లతో మామూలు దారులు తొక్కేవాళ్లకు అది అనవసర బరువు.

పెద్దదా చిన్నదా అన్నదానికన్నా ఫుల్ ఫ్లోటింగా సెమీ ఫ్లోటింగా అన్నది అడగండి. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ తిప్పుతుంది, బండి బరువూ మోస్తుంది. షాఫ్ట్ లోపలి చివర సీ ఆకారపు క్లిప్‌తో ఆగే రకంలో అది విరిగితే చక్రంతో సహా బయటికి జారొచ్చు. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువు హబ్ బేరింగుల మీదుంటుంది, షాఫ్ట్ విరిగినా చక్రం దాని చోటే ఉంటుంది. ఈ తేడా కోసం ఖర్చు పెట్టమంటే నేను పెడతాను.

అపోహ: లిమిటెడ్ స్లిప్ కూడా లాకర్ లాంటిదే.

కాదు. లిమిటెడ్ స్లిప్ ఒక చక్రం జారడాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా లాక్ చేయదు. టోర్సెన్ లాంటి గేర్ రకం, తక్కువ పట్టున్న చక్రానికి అందే టార్క్‌కి కొన్ని రెట్లు రెండోదానికి ఇస్తుంది. చక్రం గాల్లో ఉంటే ఆ టార్క్ దాదాపు సున్నా, సున్నాకి ఎన్ని రెట్లైనా సున్నాయే. బ్రేక్ కొంచెం నొక్కి పట్టుకుంటే పని జరుగుతుంది. క్లచ్ రకం కొంత నయం, కానీ పలకలు అరిగిపోతాయి.

అపోహ: ఆటోమేటిక్ (బటన్ లేకుండా తనంతట తానే లాక్ అయ్యే) లాకర్ టకటకమంటే పాడైనట్టే.

డెట్రాయిట్ లాకర్ లాంటివి మలుపులో బయటి చక్రాన్ని వదిలేస్తాయి, అది వేగంగా తిరిగి మళ్లీ కలుసుకునేటప్పుడు చప్పుడు వస్తుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే బండి కాస్త గుంజుతుంది కూడా, అలవాటు పడాలి. తడి రోడ్డు మీద మాత్రం జాగ్రత్త, ఎక్కువ తొక్కితే వెనక రెండు చక్రాలూ కలిసి పక్కకి పోతాయి. ఏటవాలు బురదలోనూ అదే ప్రమాదం. ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే ఒక చక్రం జారినా రెండోది పక్కకి పోకుండా పట్టుకుంటుంది, లాక్ చేస్తే ఆ ఆసరా పోతుంది. ఆన్, ఆఫ్ చేసుకునే లాకరైతే అలాంటి చోట లాక్ తీసేసి ప్రయత్నించండి.

అపోహ: ఇరుక్కున్నాక లాక్ నొక్కితే సరిపోతుంది.

అడ్డంకి కనబడగానే, ఆగి లేదా బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు నొక్కాలి. చక్రం గిర్రున తిరుగుతుంటే నొక్కితే లాకర్ పళ్ల మీద దెబ్బ పడుతుంది. గట్టి రోడ్డు ఎక్కగానే తీసేయాలి, లేకపోతే మలుపుల్లో టైర్లు ఈడ్చుకుపోతాయి.

అపోహ: గేర్ రేషియో ఎంత పెంచితే అంత లాభం.

పాత రేషియోని కొత్త టైరు వ్యాసంతో గుణించి, పాత వ్యాసంతో భాగించండి. 3.73 రేషియో, 31 అంగుళాల నుంచి 35కి వెళ్తే 4.21 వస్తుంది, అంటే 4.10 లేదా 4.56. దాటి ఎక్కడికో పోతే పినియన్ చిన్నదైపోతుంది. క్రౌన్‌కి 41 పళ్లుండే సెట్లలో చూడండి, పినియన్‌కి 11 పళ్లైతే 3.73, 10 అయితే 4.10, 9 అయితే 4.56, 8 అయితే 5.13. పళ్లు తగ్గేకొద్దీ పినియన్ సన్నబడి బలహీనమవుతుంది. ముందూ వెనకా రేషియో ఒకటే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: క్రౌన్ పినియన్ బిగించడం ఎవరైనా చేస్తారు.

మామూలుగా బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, పినియన్ బేరింగ్ ప్రీలోడ్ (బిగింపు) కొలవాలి, పళ్ల మీద రంగు పూసి ముద్ర చూడాలి. చెవితో విని సరిచేస్తామనే చోట ఇవ్వకండి. స్టార్ గేర్ల (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్ల) స్థానంలో దిగే చిన్న లాకర్లు పాత కేసులోనే కూర్చుంటాయి కాబట్టి వాటికి ఇంత పని పడదు. కొత్త గేర్లు పడ్డాక మొదట్లో కొద్ది దూరం నడిపి చల్లారనివ్వాలి, బరువు లాగించకూడదు, సుమారు 800 కిలోమీటర్లకి ఆయిల్ మార్చేయాలి. క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్‌కి ఫ్రిక్షన్ మాడిఫయర్ (పలకల మధ్య రాపిడిని సరిచేసే పదార్థం) కలిపిన ఆయిల్ కావాలి, క్లచ్ పలకలు లేని లాకర్‌కి అది అక్కర్లేదు, తయారీదారు చెప్పిన గ్రేడ్ గేర్ ఆయిల్ పోస్తే చాలు.