ఇంకా ఎన్ని రూల్స్ ఉన్నాయి సార్? ఇంగ్లిష్ గ్రామర్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. ఎర్ర పెన్నుతో రూలు, నీలం పెన్నుతో ఉదాహరణ, ఆకుపచ్చ పెన్నుతో ఎక్సెప్షన్. ముత్యాల్లాంటి అక్షరాలు. "సార్, ఇందులో 140 రూల్స్ ఉన్నాయి. అన్నీ నోటికొచ్చు. అయినా మాక్ టెస్టులో ఇంగ్లిష్ పాతికకి పన్నెండు దాటట్లేదు. ఇంకా ఎన్ని రూల్స్ ఉన్నాయి సార్?" అంది. అడుగుతుంటే గొంతు కొంచెం వణికింది. ఇంట్లో ఇదే ఆఖరి ఏడాది అన్నారట.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బ్యాంక్ పరీక్షలకీ, ఎస్‌ఎస్‌సీకీ (మన పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌లో నలుగురైదుగురు ఇదే అడుగుతున్నారు. అందుకే ఒకసారి కూర్చుని రాసేద్దామనుకున్నాను. అపోహలు చాలానే ఉన్నాయి గానీ కొంప ముంచేది మాత్రం ఒకటే. దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావాటి మీద నాకంత ఓపిక లేదు.

అపోహ: రూల్స్ అన్నీ బట్టీ పడితే గ్రామర్ వచ్చేసినట్టే.

ఆ అమ్మాయికి అక్కడికక్కడే సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్ (సబ్జెక్ట్ ఏకవచనమైతే వెర్బ్ కూడా ఏకవచనమే) చాప్టర్ తీసి 20 ప్రశ్నలిచ్చాను. 18 కరెక్ట్. టీ తాగొచ్చాక ఇంకో కాగితం ఇచ్చాను. అందులో 25 వాక్యాలు, తప్పెక్కడుందో పట్టుకోవాలి, లేకపోతే 'నో ఎర్రర్' పెట్టాలి. అదే చాప్టర్‌వి ఆరు, మిగతావి టెన్సులు, ప్రిపొజిషన్లు, ఆర్టికల్స్, అన్నీ కలిపేసి. ఆ ఆరింటిలో ఆమె పట్టుకున్నవి రెండే. మిగతా నాలుగింటికీ 'నో ఎర్రర్' పెట్టేసింది.

రూలు మర్చిపోయిందా? లేదు. పక్కన కూర్చుని "ఈ వాక్యంలో సబ్జెక్ట్ ఏదమ్మా?" అని అడగ్గానే నాలుక్కరుచుకుని తనే దిద్దుకుంది. మరి ఇందాక ఏమైంది? ఇందాక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అంతే.

చాప్టర్‌వారీ ప్రాక్టీసులో ఉన్న మోసం ఇదే. పేజీ పైన 'సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్' అని హెడ్డింగ్ కనపడగానే మన కళ్లు వెర్బ్ కోసం వెతుకుతాయి. సగం జవాబు ఆ హెడ్డింగే చెప్పేస్తుంది. పరీక్షలో హెడ్డింగ్ ఉండదు. రూలు తెలియడం ఒకటి, ఈ వాక్యంలో ఆ రూలుతో పని పడిందని తెలియడం ఇంకొకటి. మన పుస్తకాలూ క్లాసులూ మొదటిది నేర్పి వదిలేస్తాయి. నేను కూడా చాలా ఏళ్లు అలాగే చెప్పాను, ఒప్పుకోవాలి.

పైగా టైమ్ చూడండి. ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో (బ్యాంక్ ఉద్యోగాల మొదటి దశ పరీక్ష) ఇంగ్లిష్ 30 ప్రశ్నలకి 20 నిమిషాలు. అంటే ఒక్కో దానికి 40 సెకన్లు, అందులోనే ప్యాసేజ్ కూడా చదవాలి. 40 సెకన్లలో 140 రూల్స్ మనసులో తిరగేసి చూసేవాడు ఎక్కడున్నాడు? సీజీఎల్ (డిగ్రీ వాళ్లకి ఎస్‌ఎస్‌సీ పెట్టే పరీక్ష) టైర్ 2లో, అంటే రెండో దశలో అయితే ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 135. ఇక్కడ పోతే ఇంకెక్కడా పూడ్చుకోలేం.

ఈ వాక్యం చదవండి: 'ది ప్రైస్ ఆఫ్ ఆనియన్స్ ఇన్ ది రైతు బజార్స్ ఆఫ్ కర్నూల్ హ్యావ్ ఫాలెన్.' చెవికి ఏ అడ్డూ తగల్లేదు కదా? ఆనియన్స్, బజార్స్ అని రెండు బహువచనాలు విన్న చెవి 'హ్యావ్'ని దర్జాగా లోపలికి రానిస్తుంది. ఉల్లిపాయలు పడ్డాయా, బజార్లు పడ్డాయా? పడింది ధర. 'ప్రైస్... హ్యాజ్ ఫాలెన్.' దీనికి కావాల్సింది 87వ నంబర్ రూలు కాదు. ముందు వెర్బ్ మీద వేలు పెట్టి, "ఏది? ఎవరు?" అని అడిగే అలవాటు. 'ఆఫ్' నుంచి కర్నూలు దాకా ఉన్నదంతా చేత్తో మూసేసి చదవమంటాను నేను. చిన్నపిల్లల పద్ధతి అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఒక్కోసారి రూలు రావడమే తప్పు చేయిస్తుంది. 'వన్ ఆఫ్ వస్తే వెర్బ్ సింగ్యులర్' అని అందరికీ వచ్చు. 'వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ ఆబ్సెంట్', సరే. ఇప్పుడు ఇది చూడండి: 'షి ఈజ్ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హు హ్యావ్ క్లియర్డ్ ది ఎగ్జామ్.' నోట్‌బుక్ అమ్మాయి వెంటనే 'హ్యావ్' తప్పు అంది. తప్పు కాదు. 'హు' అన్నది స్టూడెంట్స్‌ని పట్టుకుని ఉంది, పరీక్ష పాసైన వాళ్లు చాలామంది, వాళ్లలో ఈమె ఒకతె. అదే 'ది ఓన్లీ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్' అని ఉంటే 'హ్యాజ్' పెట్టాలి, ఎందుకంటే పాసైంది ఆమె ఒక్కతే. వాక్యం ఏం చెబుతోందో చూడకుండా 'వన్ ఆఫ్' కనపడగానే పట్టుకున్నందుకు ఓ మార్కు పోయింది.

సరే, రూల్స్ వద్దు, చెవిని నమ్ముకుంటాం అంటారు కొందరు. చెవి ఎవరిది? మనది. తెలుగులో పెరిగిన చెవి. అది తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ చొక్కా తొడిగితే చాలు, బాగుందంటుంది.

'నుంచి' అనే మాట తీసుకోండి. 2019 నుంచి ఇక్కడే ఉంటున్నాను, ఐదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను. రెంటికీ మనకు ఒకటే 'నుంచి'. ఇంగ్లిష్‌లో మొదటిదానికి సిన్స్, రెండోదానికి ఫర్. అందుకే 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' మన నోట్లో అంత తేలిగ్గా పలుకుతుంది. 'ఉంటున్నాను' కూడా తిన్నగా వెళ్లి 'యామ్ లివింగ్' అయి కూర్చుంటుంది. అక్కడ 'హ్యావ్ బీన్ లివింగ్' ఉండాలి.

'అని' ఇంకా గడుసుది. "ఎక్కడికెళ్తున్నావని అడిగాడు" అంటాం. మన బుర్రలో 'అని' అంటే 'దట్'. దాంతో 'హి ఆస్క్‌డ్ మీ దట్ వేర్ ఐ వాజ్ గోయింగ్' తయారు. 'వేర్' ఉన్నచోట 'దట్'కి సీటు లేదు. 'గురించి' వల్ల 'డిస్కస్ అబౌట్', 'మెన్షన్ అబౌట్', ఆ 'అబౌట్' అక్కర్లేదు. 'కంటే' వల్ల 'సీనియర్ దాన్', 'ప్రిఫర్ టీ దాన్ కాఫీ'. ఈ రెంటికీ 'దాన్' బదులు 'టు' కావాలి. "మా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు" అనే అలవాటు వల్ల 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్', చివర 'ఎస్' మాయం. చూశారా, పుస్తకంలో ఇవి ఐదు చాప్టర్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. మనకు మాత్రం అన్నింటికీ వేరు ఒకటే, తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో అనేయడం. తెలుగువాళ్ల కోసం గ్రామర్ పుస్తకం ఎవరైనా రాస్తే చాప్టర్లకి 'నుంచి', 'అని', 'కంటే' అనే పేర్లు పెట్టాలని నా కోరిక.

ఇదంతా నాకు ఎవరో పండితుడు చెప్పింది కాదు. డిగ్రీ అయ్యాక బ్యాంక్ కోచింగ్ కోసం నంద్యాల వెళ్లాను. సెంటర్ పేరెందుకు గానీ, మొదటి రోజే '100 గోల్డెన్ రూల్స్' అని జిరాక్స్ కాపీలు చేతిలో పెట్టారు. నెల తిరిగేసరికి వందా అప్పజెప్పేవాణ్ణి. ప్రిలిమ్స్‌లో రీజనింగ్ దున్నేశాను, ఇంగ్లిష్ సెక్షనల్ కటాఫ్ (ఆ ఒక్క సెక్షన్‌లో రావాల్సిన కనీస మార్కులు) దగ్గర బోల్తా కొట్టాను. టోటల్ ఎంత వస్తే ఏం లాభం?

మా రూమ్‌లో నాకంటే నాలుగేళ్లు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఓ ఆదివారం నా పాత మాక్ పేపర్లన్నీ తెమ్మని నేల మీద పరిచాడు. పెన్సిల్ తీసుకుని తప్పులకి సున్నాలు చుట్టుకుంటూ పోయాడు. "ఇదిగో, మళ్లీ సిన్స్. ఇది సిన్స్. ఇది ఆర్టికల్ సరే. ఇదిగో, మళ్లీ సిన్స్ రా నాయనా!" 11 పేపర్ల తప్పులు చూస్తే నాలుగైదు రకాలే తేలాయి. వంద రూల్స్ అప్పజెప్పే నాకు ఆ నాలుగైదు తెలియలేదు. ఆయన తర్వాత ఓ బ్యాంకులో క్లర్క్ అయ్యాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఏరా సిన్సూ, ఎట్లున్నావ్?" అనే మొదలుపెడతాడు.

కాబట్టి ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నా. 40 పేజీల చిన్న నోట్‌బుక్ కొనండి. రోజూ 25 కలగలుపు ప్రశ్నలు, ప్రీవియస్ పేపర్ల నుంచి. కీ చూసి మార్కులేసుకుని లేచిపోవద్దు. తప్పు పోయిన ప్రతి వాక్యాన్నీ రాసి, కింద ఎందుకు మోసపోయారో తెలుగులో ఒక లైను రాయండి. 'రూల్ తెలియదు' అన్నది ఒక కారణం. 'తెలుసు, కానీ అనుమానం రాలేదు' అన్నది ఇంకోటి. రెండో రకమే ఎక్కువ ఉంటాయి, రాసి చూడండి. కరెక్ట్ అయినవాటిలో కూడా ఊరికే అనిపించి పెట్టినవి ఉంటే వాటికీ ఇదే పని. "మరి ఇంత కష్టపడి రాసిన నోట్‌బుక్ పారేయాలా సార్?" అంది పాపం. పారేయొద్దు. డిక్షనరీలా వాడుకోవాలి. తప్పు జరిగాక అందులో వెతుక్కోవాలి, ముందే మింగకూడదు.

ఇక మిగతావి గబగబా.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకి ఇంగ్లిష్ సెక్షన్ రాదు. ఈ మాట అన్నవాళ్లని నా క్లాసులో ఒక గంట కూర్చోమనండి. 'డిస్కస్ అబౌట్'ని, 'రిటర్న్ బ్యాక్'ని కళ్లు మూసుకుని దాటేసేది ఎక్కువగా కాన్వెంట్ పిల్లలే. వాళ్ల చెవికి ధీమా ఎక్కువ. తెలుగు మీడియం పిల్లలు భయంతో రెండుసార్లు చూస్తారు, ఆ భయం ఇక్కడ పనికొస్తుంది. వాళ్లకి వొకాబులరీ, ప్యాసేజ్ చదివే స్పీడు కష్టం, అది నిజం. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఎస్‌ఎస్‌సీ వాళ్లదే ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) పరీక్ష మిగతా సెక్షన్లు తెలుగులోనూ రాయొచ్చు, ఇంగ్లిష్ సెక్షన్ మాత్రం ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్ అసలే వద్దనుకుంటే రైల్వే ఉద్యోగాల ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ పరీక్షలో ఆ సెక్షనే లేదు, నిక్షేపంగా అటు వెళ్లండి, తప్పేమీ కాదు.

అపోహ: రోజూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదివితే గ్రామర్ దానంతటదే వస్తుంది. చదవండి, మంచిదే, ప్యాసేజ్‌లకి పనికొస్తుంది. కానీ ఎడిటోరియల్‌లో తప్పులుండవు కదా! కరెక్ట్ వాక్యాలే చూసిన కన్ను తప్పుడు వాక్యాన్ని పట్టుకోవాలంటే ఆ పని వేరుగా చేయించాలి.

అపోహ: 'నో ఎర్రర్' వరుసగా రెండుసార్లు రాదు / డౌట్ వస్తే 'నో ఎర్రర్' పెట్టెయ్యాలి. రెండూ సొల్లు కబుర్లే. 'నో ఎర్రర్', 'నో ఇంప్రూవ్‌మెంట్' (వాక్యం మార్చక్కర్లేదు) కూడా మిగతా ఆప్షన్లలాంటివే. వెర్బ్, దాని సబ్జెక్ట్, టెన్స్, ప్రిపొజిషన్, ప్రొనౌన్ చూశాకే అక్కడికి రండి. ఏమీ చూడకుండా వస్తే అది ఆన్సర్ కాదు, అలసట.

అపోహ: ఈసారి ఇంగ్లిష్ క్వాలిఫయింగ్ (పాసైతే చాలు) మాత్రమేనట! టెలిగ్రామ్‌లో ప్రతి నోటిఫికేషన్‌కి ఇది ఒకసారి మొలుస్తుంది. టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ క్వాలిఫయింగ్ పేపర్, ర్యాంకుకి కలపరు. ఎవరో అది విని సీజీఎల్‌కి అతికించి ఉంటారు. సీజీఎల్‌లో ఇంగ్లిష్ మార్కులు కలుస్తాయి. అయినా నోటిఫికేషన్ పీడీఎఫ్ మీ ఫోన్‌లోనే ఉండగా, ముక్కూ మొహం తెలియనివాడి మెసేజ్ చూసి రాత్రంతా నిద్ర మానుకోవడం ఏమిటి?

అపోహ: నెగటివ్ మార్కులున్నాయి కాబట్టి నూటికి నూరు శాతం తెలిస్తేనే పెట్టాలి. లెక్క వేసుకోండి. సీజీఎల్ టైర్ 1లో కరెక్ట్ అయితే 2, తప్పయితే మైనస్ 0.50. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే, మిగతా రెంటిలో గుడ్డిగా పెట్టినా సగటున ప్రశ్నకి 0.75 మీకే మిగులుతుంది. ఐబీపీఎస్‌లో ఐదు ఆప్షన్లు, 1 మార్కు, తప్పుకి 0.25. పూర్తి గుడ్డిగా పెడితే సగటు సున్నా. లాభం లేదు, నష్టం లేదు. అక్కడ కూడా రెండు కొట్టేస్తే మొగ్గు మీవైపే. టైర్ 2కి వచ్చేసరికి తప్పుకి 1 పోతుంది, అక్కడ కొంచెం చెయ్యి బిగించండి. ఈ లెక్కలు మాత్రం పరీక్ష హాల్లో మొదలుపెట్టకండి, ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.