డ్రైవ్‌లో వేయగానే ఇంజన్ ఎందుకు ఆగిపోతుంది?

ఒక పాఠకుడి ప్రశ్న: "పాత కమారో కారులో షెవర్లే 350 వీ8 ఇంజన్‌కి పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) వేయించాను. న్యూట్రల్‌లో గుడగుడమని బాగానే తిరుగుతుంది, ఆటోమేటిక్ గేరు డ్రైవ్‌లో వేయగానే ఆగిపోతుంది. కార్బ్యురేటర్ మార్చేయమంటారా?" వద్దండీ, ముందు టైమింగ్ లైటు (స్పార్క్ ఎప్పుడు పడుతుందో చూపించే లైటు) బయటికి తీయండి.

పాలిటెక్నిక్‌లో ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజన్ పనిచేసే క్రమం) బొమ్మ గీయించేటప్పుడు దహనాన్ని నిట్టనిలువు గీతగా గీయిస్తారు, పిస్టన్ పైన ఉండగానే అంతా ఒక్కసారిగా మండిపోయినట్టు. మార్కులైతే వస్తాయి గానీ అసలు సంగతి అక్కడే పోతుంది. మంట పాకడానికి టైం పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి, క్రాంక్ షాఫ్టు తిరుగుడులో ఎన్ని డిగ్రీల ముందు అన్నదే అడ్వాన్స్, దీన్నే టైమింగ్ అనీ అంటాం. 800 ఆర్‌పీఎం దగ్గర 20 డిగ్రీలంటే సుమారు 4 మిల్లీసెకన్లు. 6000 దగ్గర 36 డిగ్రీలు ఇచ్చినా ఒక్క మిల్లీసెకనే! అయినా సరిపోతుంది, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ సిలిండర్లో గాలి సుడులు పెరిగి మంటను త్వరగా పాకిస్తాయి.

పెద్ద క్యామ్‌తో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ. ఐడ్లింగ్‌లో కాలిన వాయువు వెనక్కొచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది, మంట నత్తనడక నడుస్తుంది. అందుకే కంపెనీ చెప్పిన 8 డిగ్రీలు దీనికి చాలవు, 16 నుంచి 20 దాకా అడుగుతుంది.

ఇప్పుడు నాకిష్టమైన భాగం. డిస్ట్రిబ్యూటర్లో, అంటే స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కి పంచే భాగంలో, చిన్న బరువులు, వాటిని లాగిపట్టే స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగితే బరువులు విచ్చుకుని అడ్వాన్స్ పెరుగుతుంది, తగ్గితే ముడుచుకుంటాయి. త్వరగా అడ్వాన్స్ రావాలని చాలామంది పలచటి స్ప్రింగులు వేస్తారు, దాంతో ఐడ్లింగ్‌లోనే బరువులు సగం విచ్చుకుని ఉంటాయి. డ్రైవ్‌లో వేయగానే లోడు పడి 900 కాస్తా 700 అవుతుంది, బరువులు ముడుచుకుని టైమింగ్ తగ్గుతుంది, దాంతో బలం తగ్గి వేగం ఇంకా పడిపోతుంది, టైమింగ్ మళ్లీ తగ్గుతుంది... మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే.

కంప్యూటర్ ఉన్న ఇంజన్ సరిగ్గా దీన్నే తిరగేస్తుంది. ఐడ్లింగ్‌లో టైమింగ్‌ను కావాలనే కొంచెం వెనక ఉంచి బలాన్ని దాచుకుంటుంది. వేగం పడితే అడ్వాన్స్ పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. గాలి వాల్వు తెరిచినా మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాలు) నిండేదాకా ఆగాలి, స్పార్క్‌కి ఆ బెడద లేదు. వీ8లో 800 దగ్గర ప్రతి 19 మిల్లీసెకన్లకు ఒక సిలిండర్లో మిశ్రమం పేలుతుంది, మార్పు ఆ తర్వాతి పేలుడులోనే కనిపిస్తుంది. సొంతంగా ట్యూన్ చేసేవాళ్లు కంప్యూటర్‌లోని టైమింగ్ టేబుల్‌లో, ఉదాహరణకి, 850 ఆర్‌పీఎం దగ్గర 18 డిగ్రీలు పెడితే 700 గడిలో 24, 1000 గడిలో 14 పెట్టడం ఇందుకే.

డిస్ట్రిబ్యూటర్‌కి ఆ తెలివి లేదు, కనీసం ఎదురు తిరగకుండా ఆపొచ్చు. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఇంజన్ పీల్పుతో (వాక్యూమ్) అడ్వాన్స్ పెంచే డబ్బా ఉంటుంది, దాని గొట్టం తీసి మూసేయండి, లైటు పట్టుకుని వేగం మెల్లగా పెంచండి. బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు చివర ఉండే చక్రం) మీది గీత 1000 దాటేదాకా కదలకూడదు, కదిలితే గట్టి స్ప్రింగులు వేయండి. మొదటి టైమింగ్ (బరువులు కదలకముందు ఉండేది) 18 పెడితే బరువుల వాటా 16-18కి కట్టేయాలి, మొత్తం 34-36 దాటితే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలి టకటకమనడం) భయం. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి దాని భాగాల మీద 8 అని ఉంటే క్రాంక్ లెక్కలో 16 అని గుర్తుంచుకోండి. వాక్యూమ్ డబ్బా కూడా చూసుకోవాలి: మానిఫోల్డ్‌కి కలిపినప్పుడు, డ్రైవ్‌లో ఉండే వాక్యూమ్ కన్నా రెండు అంగుళాలు (వాక్యూమ్ గేజీ కొలత) తక్కువకే అది పూర్తిగా లాగేయాలి, లేదంటే అదీ బరువుల్లాగే ఊగుతుంది.

టైమింగ్ సరిపడగానే ఐడిల్ దానంతటదే పెరుగుతుంది. అప్పుడు ఇన్నాళ్లూ బిగించుకుంటూ వచ్చిన థ్రాటిల్ స్క్రూని వదులు చేసి, మిక్చర్ స్క్రూలు సరిచేయండి. అప్పటికీ ఆగిపోతే కార్బ్యురేటర్ సంగతి చూద్దాం.