రాజుగారి గదిలో ఒక రాత్రి: మహల్ హోటళ్లపై అపోహలు, వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. గానుగ సున్నం, చెమ్మ, చెదలు, కుంగిన దూలాలు నాకు నిత్యం ఎదురయ్యేవి. కొన్నేళ్లుగా చేతికి వస్తున్న పని ఎక్కువగా హోటళ్లుగా మారిన మహళ్లలోనే. సంగతి తెలిసినవారు ఎక్కడ కలిసినా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. హైదరాబాదులో అందరికీ తెలిసిన మహల్ హోటల్ ఫలక్‌నుమా కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే మొదలుపెడతాను. అక్కడ నేను పని చేయలేదు, చూసి నేర్చుకున్నవాణ్ని మాత్రమే. కింద నేను చెప్పే నష్టాలూ తిప్పలూ వేరే ఊళ్లవి.

అపోహ: ఫలక్‌నుమాను నిజాం కట్టించాడు.

కాదు. కట్టించినది నిజాముల కొలువులో పేరున్న ‘పైగా’ అనే కులీన వంశానికి చెందిన సర్ వికార్-ఉల్-ఉమ్రా. తర్వాత హైదరాబాదు సంస్థానానికి ప్రధానిగా పనిచేశాడు, ఆరో నిజాంకు దగ్గరి బంధువు. 1884 మార్చిలో పునాది వేస్తే పూర్తవడానికి తొమ్మిదేళ్లకు పైగా పట్టింది. ఖర్చు తడిసి మోపెడైంది. ఆ దశాబ్దం ముగిసేలోపే మహల్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది.

నా వృత్తికి పనికివచ్చే సంగతి ఇందులో ఇంకొకటి ఉంది. ఆ మహల్‌ను గీసినవాడు ఇంగ్లీషువాడు. రాయి ఇటలీ నుంచి వచ్చింది. గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోటను చూసి చేయించినది. అంటే మనం ఇప్పుడు సంప్రదాయం అని దణ్ణం పెడుతున్నది ఆనాటి కొత్త మోజు. దొరికినంతలో సరికొత్త వస్తువులు తెచ్చి ఇంట్లో పెట్టుకున్న మనిషి, ఈనాడు ఏసీ చూసి ముక్కు విరుస్తాడని నేను అనుకోను.

అపోహ: రాజుగారు పడుకున్న గదే మనకు ఇస్తారు.

చాలాచోట్ల ఇవ్వరు, ఇవ్వలేరు కూడా. దర్బారు హాలు, భోజనశాల, గ్రంథాలయం వంటి ముఖ్యమైన గదులను ఎవరూ పడకగదులుగా మార్చరు. వాటిని చూడటానికే కదా జనం వచ్చేది! ఫలక్‌నుమాలో 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనబల్ల ఉన్న హాలును విడగొట్టి గదులు చేస్తే హోటలుకే నష్టం. ఆ మహల్‌ను పై నుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందంటారు. ముందు ప్రధాన భవనం, వెనక జనానా (రాణివాసం) వైపు కట్టడాలు సాగుతాయి. అతిథుల గదులు, సూట్లు కలిపి 60 మాత్రమే. ఇలాంటి మహళ్లలో పడకగదులు సాధారణంగా రాణివాసంలోనో, పరివారం ఉన్న వరుసల్లోనో వస్తాయి.

ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి ఒడ్డున ఉన్న చిరాన్ మహల్ సంగతి ఇంకా తమాషా. 1910లో అది కాలిపోయి చాలా ఏళ్లు మొండిగోడలుగా నిలబడింది. తర్వాత బాగుచేసి హోటలుగా తెరిచారు గానీ, గదుల్లో ఎక్కువ భాగం పక్కనే కట్టిన కొత్త భవనంలో ఉన్నాయి. ఆ హోటల్లో బస చేశామని చెప్పుకునేవారిలో ఎక్కువమంది పడుకున్నది కొత్త కట్టడంలోనే. గది తీసుకునేముందు ‘పాత భాగంలోనా, కొత్త భాగంలోనా’ అని ఒక్క మాట అడగండి.

అపోహ: పేరులో ప్యాలెస్ ఉంటే పాత మహలే.

ఉదయపూర్‌లో పిచోలా సరస్సు మధ్యలో ఉన్న జగ్ నివాస్ 18వ శతాబ్దపు మహల్, 1963లో హోటల్ అయింది. అదే సరస్సు ఒడ్డున గుమ్మటాలతో మెరిసే ఉదయ్‌విలాస్ ఈ శతాబ్దంలో కట్టినది. రెండూ అందమైనవే, కానీ రెండూ ఒకటి కాదు. కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో 1950కి ముందు కట్టినవే హెరిటేజ్ హోటళ్ల కిందికి వస్తాయి. కాబట్టి పేరుకు కాకుండా కట్టిన ఏడాదికి విలువ ఇవ్వండి. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ చూస్తే మొగలాయిల నాటిదేమో అనిపిస్తుంది. అది పూర్తయింది 1943లో, కరువు రోజుల్లో జనానికి పని కల్పించడానికి మొదలుపెట్టిన కట్టడం.

అపోహ: పాత సున్నం గోడ బలహీనం, మీద సిమెంటు వేస్తే వందేళ్లు నిలుస్తుంది.

ఈ ఒక్క నమ్మకం దేశంలో ఎన్ని మహళ్లను పాడుచేసిందో లెక్కలేదు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

పాత గోడలకు చాలావాటికి అడుగున చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గార ఆ నీటిని ఆవిరిగా బయటికి పోనిస్తుంది కాబట్టి గోడ తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. ఆ మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీరు ఆగదు, దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. తనతో తెచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని, గట్టిపడి, పూతను బయటికి నెట్టేస్తుంది. గోడ మీద తెల్లటి పొడి, పెచ్చులు కనబడితే రంగు నాసిరకమని అతిథులు ఫిర్యాదు చేస్తారు. రంగుది తప్పు కాదు.

ఒక ఊళ్లో యజమాని ఇంట్లో పెళ్లి ఉందని నాలుగు అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూయించారు. పెళ్లి ఫోటోల్లో గోడలు అద్దంలా వచ్చాయి. రెండు వర్షాకాలాలు గడిచేసరికి చెమ్మ గీత అయిదున్నర అడుగులకు చేరింది. ఆ సిమెంటు ఊడదీసేటప్పుడు దానితోపాటు పాత ఇటుక ముఖాలు కూడా లేచివచ్చాయి. సిమెంటు పూయడానికి వారం పట్టింది. నష్టం పూడ్చడానికి ఏడాది సరిపోలేదు.

సున్నం పని నిదానం. గానుగలో నూరాలి, నానబెట్టాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి, పలుచగా పొరలు పొరలుగా వేయాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ అది మెల్లగా గట్టిపడుతుంది. తొందరపెడితే బీటలిస్తుంది. పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, ఉన్నవారి చుట్టూ మేం తిరుగుతున్నాం. ఫలక్‌నుమా మరమ్మతు దాదాపు పదేళ్లు సాగి 2010లో హోటలుగా తెరుచుకుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

అపోహ: అంత మందం గోడలుంటే ఏసీ ఎందుకు?

మే నెల మధ్యాహ్నం లోపల చల్లగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి రండి. పగలంతా తాగిన ఎండను గోడ అప్పుడు లోపలికి వదులుతుంది. పాతకాలంలో అందుకే రాత్రి డాబా మీద పడుకునేవారు, కిటికీలు పగలు మూసి రాత్రి తెరిచేవారు. అతిథిని డాబా మీద పడుకోమనలేం కదా.

ఏసీ వల్ల మాకున్న భయం వేరు. వర్షాకాలంలో ఏసీ నడుస్తుండగా కిటికీ తెరిచి ఫోటోలు తీసుకుంటారు. తేమ గాలి లోపలికి వచ్చి చల్లబడ్డ చెక్క మీద, గార మీద నీటి బిందువులై కూర్చుంటుంది. నూరేళ్ల పూత రంగు ఉబ్బడానికి ఒక సీజన్ చాలు. గదిలో కిటికీ మూయండి అని కాగితం కనబడితే అది కరెంటు పొదుపు కోసం మాత్రమే అనుకోకండి.

రాత్రిపూట టకటక శబ్దాల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. అవి చల్లబడుతూ బిగుసుకునే దూలాలు. పైకప్పులో పావురాలు ఉంటే ఇక చెప్పనక్కరలేదు. దెయ్యాల గదులు అడిగి మరీ తీసుకునేవారున్నారు, వారిని నేను నిరాశపరచను.

అపోహ: మహల్‌ను హోటల్ చేస్తే వారసత్వం పోయినట్టే, మ్యూజియం చేయాలి.

సగం నిజం. హైదరాబాదులో చౌమహల్లా మ్యూజియంగా బాగుపడింది, ఫలక్‌నుమా హోటలుగా బాగుపడింది. రెంటి వెనకా ఉన్నది ఒకే మనిషి, నిజాం వంశానికి కోడలిగా వచ్చిన ఎస్రా యువరాణి. టిక్కెట్ల డబ్బుతో ప్రతి మహలూ నడవదు. తాళం వేసి ఉంచిన భవనం మాత్రం ఇంకా త్వరగా చస్తుంది. మూసిన గదిలో పైకప్పు ఎక్కడ కారుతోందో చూసేవారు ఉండరు. ప్రభుత్వ కార్యాలయాలు నడిచిన మరో హైదరాబాదు మహల్ ఎర్రమంజిల్‌ను 2019లో కూల్చి శాసనసభ కట్టాలని తలపెడితే, హైకోర్టు అడ్డుపడటం వల్ల మిగిలింది.

మిగిలిన సగం మీద నాకూ బాధ ఉంది. ఫలక్‌నుమా ఉన్న గుట్ట కింద పుట్టి పెరిగినవాడు ఆ గేటు లోపలికి ఎప్పుడూ వెళ్లి ఉండకపోవచ్చు. ముందుగా చెప్పుకుని టీకో భోజనానికో వెళ్లవచ్చంటారు గానీ, ఆ టీ ఖరీదు అందరూ భరించేది కాదు.

అపోహ: అంత డబ్బు తీసుకుంటారు, స్నానాల గదిలో తొట్టి (బాత్‌టబ్) ఉండాలి.

మహల్ హోటల్లో అన్నిటికంటే కొత్తది స్నానాల గది. పడకగదికి ఆనుకుని మనకిప్పుడు అలవాటైనలాంటి స్నానాల గది పాత మహళ్లలో మామూలుగా ఉండేది కాదు. బట్టల గదినో, వరండా మూలనో మార్చి చేస్తాం. గోడ చెక్కడం కుదరదు కాబట్టి గొట్టాలు అలమారాల వెనక దాస్తాం. నీటి ఉరవడి తక్కువైందని అలగకండి, ట్యాంకు పైకి పెడితే భవనం రూపమే చెడుతుంది. నన్ను నిద్ర పోనివ్వనిది మాత్రం మేడ మీది తొట్టి.

ఒక మహల్లో చిత్రాలు వేసిన పైకప్పుకు సరిగ్గా పైన స్నానాల గది వచ్చింది. వద్దన్నాను, వినలేదు. ఒక అతిథి కొళాయి తిప్పి ఫోను మాట్లాడుతూ మరిచిపోయారు. కింద రాధాకృష్ణుల బొమ్మలో కృష్ణుడి భుజం దాకా మరక పాకింది. ఆరేదాకా చేయి పెట్టకూడదు, మూడు నెలలు కింద నిలబడి చూస్తూ గడిపాం. ఇప్పుడు ఆ గదిలో షవరు మాత్రమే ఉంది, తొట్టి తోటలో పూల మొక్కలకు పనికివస్తోంది.