విండోస్ 10 నుంచి 11కి మారాలా? అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసులు, డీటీపీ సెంటర్లు, జిరాక్స్ షాపుల కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న: "అన్నా, పదకొండు వేయించాలా? వేయిస్తే పని ఆగదు కదా?"

కొత్త ఓఎస్ బాగుందా, బాగాలేదా అని ఎంత ఆలోచించినా దీనికి జవాబు దొరకదు. మీ సీపీయూ వెనకాల ఏమేం గుచ్చారో, రోజూ ఏ సాఫ్ట్‌వేర్ తెరుస్తారో చూస్తే దొరుకుతుంది. కింద ఏ అపోహ తీసుకున్నా చివరికి అక్కడికే వస్తాం.

అపోహ: సపోర్ట్ పోయింది, ఇక సిస్టమ్ పనిచేయదు.

పనిచేస్తుంది. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇంట్లో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు వాటిని పొడిగించుకునే వీలు కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. ఈ సంగతి చెప్పకుండా కొత్త సిస్టమ్ అమ్మేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

అపోహ: యాంటీవైరస్ ఉంది కాబట్టి అప్‌డేట్లు లేకపోయినా ఫర్వాలేదు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఎవరూ ఏమీ క్లిక్ చేయకపోయినా అది ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి నెట్‌వర్క్ మీదే పాకింది. కాబట్టి 11 వేయించుకుని అప్‌డేట్లు ఆపేసినా తేడా ఏమీ ఉండదు. క్రాక్ విండోస్ వాడేవాళ్ల సంగతి సరేసరి. క్రాక్ వేసేటప్పుడు మొదట చేసే పని విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపడమే.

అపోహ: టీపీఎం లేదని వచ్చింది, కాబట్టి 11 ఎక్కదు.

టీపీఎం అంటే 11 తప్పనిసరిగా అడిగే ఒక సెక్యూరిటీ ఏర్పాటు. చాలా సిస్టమ్‌లలో అది ఉంటుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్‌లో టీపీఎం, చుక్క, ఎంఎస్‌సీ కొట్టండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపిస్తే సరే. అసలు కనబడలేదని చెబితే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. అక్కడ ఇంటెల్ అయితే పీటీటీ అనీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది, ఆన్ చేయాలి. బయోస్ ముట్టుకునే ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకుండా ఇరుక్కుంటే ఏ మెకానిక్కూ చేయగలిగేది లేదు.

నిజంగా అడ్డం పడేది ప్రాసెసర్. ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం నుంచి, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి అనుమతి ఉంది. ఐ5-8400 అయితే ఎక్కుతుంది, ఐ5-7400 అయితే ఎక్కదు. ర్యామ్ 4 జీబీ చాలంటారు కానీ అది కాగితం మీద మాటే. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ లేకుండా 11 వేయించుకుంటే రోజూ నన్ను తిట్టుకుంటారు. 11 ఒప్పుకోని పాత లెగసీ బూట్ పద్ధతిలో వేసిన విండోస్ అయితే ఫార్మాట్ కొట్టాల్సిందేనని కొందరు అంటారు. డేటా పోకుండా డిస్క్‌ను మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. బ్యాకప్ మాత్రం ఎలాగూ తీసుకోవాలి.

అడ్డదారిలో ఎక్కించడం కుదురుతుంది. అలా వేసిన సిస్టమ్‌లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ తేల్చి చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా ఇదంతా! షాపు సిస్టమ్‌కి నేనైతే అలా వేయను.

అపోహ: పాత సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి.

అసలు టెన్షన్ ఇక్కడే. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్ల మీదే పెళ్లికార్డులు, కరపత్రాలు నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చి 20 ఏళ్లు దాటింది. పాతదైనంత మాత్రాన పోదు. ఎన్ని బిట్లదో చూడాలి. 11లో 32 బిట్ ఎడిషనే లేదు, ఉన్నది 64 బిట్ ఒక్కటే. దాని మీద 32 బిట్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, 16 బిట్‌ది నడవదు, 32 బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్) అసలు నడవదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నా, దాని హార్డ్‌వేర్ లాక్‌కో (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి సిస్టమ్‌కు గుచ్చే డాంగుల్), పాత స్కానర్‌కో 64 బిట్ డ్రైవర్ దొరక్క పని నిలిచిపోవచ్చు. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. 32 బిట్ అని ఉంటే నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా వేయాల్సిందే.

డీటీపీ సిస్టమ్ అయితే నేను పాత డిస్క్‌ను ముట్టుకోను. దాన్ని తీసి సొరుగులో పెట్టి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి దాని మీద 11 వేస్తాను. ఒరిజినల్ విండోస్ 10 ఉన్న సిస్టమ్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. తర్వాత పాత కార్డు ఒకటి తెరిచి, "లక్ష్మి" అని కొట్టి చూస్తాను. క్షకు మ వత్తు సరిగ్గా కూర్చుందా, కీబోర్డు లేఅవుట్ అలవాటైనదే వచ్చిందా, ప్రింట్‌లో అక్షరాలు ఎగిరిపోయాయా అన్నవి తేలేది అక్కడే. తెర మీద బాగుండి ప్రింట్‌లో పోయేవీ ఉంటాయి. ఒక వారం ఆ ఎస్‌ఎస్‌డీ మీదే షాపు నడపమంటాను. కుదరకపోతే పాత డిస్క్ తిరిగి తగిలిస్తే పది నిమిషాల్లో మామూలే.

అసలు కుదరని చోట పాత సిస్టమ్‌ని నెట్ తీసేసి డీటీపీకి మాత్రమే ఉంచి, మెయిల్, బ్యాంకు పనులకు వేరే సిస్టమ్ పెట్టుకోవడం మంచిది. పెన్‌డ్రైవ్ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి కొత్తదానిలో స్కాన్ చేశాకే పాతదానికి పెట్టాలి.

అపోహ: తెలుగు టైపింగ్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ అలాగే ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019లో విండోస్ 10లోనే వచ్చింది, 11లోనూ ఉంది. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన పాత వర్డ్ ఫైళ్లు మాత్రం వేరేగా కనిపించవచ్చు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించుకుంటే సరి. స్టార్ట్ బటన్ మధ్యలోకి పోయిందని గోల చేసేవాళ్లకు, దాన్ని ఎడమకు జరిపే సెట్టింగ్ టాస్క్‌బార్ పేజీలో ఉంది.

అపోహ: లైనక్స్ ఇంజినీర్లకే.

లైనక్స్ అంటే విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఓఎస్. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా దాని మీదే చదువుకుంటున్నారు. 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజింగ్, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడం వరకే పని అయితే లైనక్స్‌లో మింట్ అనే రకం హాయిగా సరిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, డిస్క్‌లో ఏదీ మారదు. టాలీ, పేజ్‌మేకర్, డిజిటల్ సంతకం టోకెన్ ఉన్నవాళ్లకు మాత్రం నేను చెప్పను. ఆఫీసుల్లో అందరికీ ఉండే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ కూడా లైనక్స్ మీద ఏడిపిస్తుంది.

అపోహ: నచ్చకపోతే ఎప్పుడైనా 10కి వెనక్కి వచ్చేయొచ్చు.

సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉండే గో బ్యాక్ బటన్ మామూలుగా 10 రోజులే పనిచేస్తుంది. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు చెరిగిపోతాయి, మళ్లీ 10 కావాలంటే మొదటి నుంచి వేయాల్సిందే. స్థలం చాలడం లేదని డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫోల్డర్ తీసేసినా అంతే. అందుకే అకౌంట్స్ ఆఫీసులకు జీఎస్టీ రిటర్నులు వేసే 11, 20 తేదీలు దాటాకే రమ్మంటాను. 21న మొదలుపెడితే ఆ 10 రోజుల్లో టోకెన్, టాలీ, ప్రింటర్ అన్నీ ఒకసారి నడిపి చూసుకోవచ్చు.